చేపల తొట్టి - కూరాకు మడి

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ మీతో మా డాబా మీది తొట్టి సంగతి ముచ్చటిద్దామనుకుంటున్నాను. అందులో చేపలుంటాయి. ఆ తొట్టి నీళ్లు పక్కనున్న కంకర మడిలోకి పోతాయి. మడిలో పాలకూర, బచ్చలి పెరుగుతాయి. మడిలోంచి దిగిన నీళ్లు శుభ్రపడి మళ్లీ తొట్టిలోకే వస్తాయి. మట్టి అవసరం లేదు, ఎరువు బస్తా కొననక్కర్లేదు. దీన్నే ఆక్వాపోనిక్స్ అంటున్నారు. పేరు నోరు తిరగకపోయినా పని మాత్రం మనకు తెలిసిందే.

“మేం శాకాహారులం, చేపలతో మాకేం పని?” అని పేజీ తిప్పేయబోతున్న సోదరీమణులు ఒక్క నిమిషం ఆగండి. మా ఇంట్లోనూ చేప ముట్టరు. మేం చేపల్ని పెంచుతున్నది కూర కోసం కాదు, కూరాకు కోసం.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. మెక్సికోలో అజ్టెక్ ప్రజలు వందల ఏళ్ల కిందటే సరస్సుల్లో బురద ఎత్తి మళ్లు కట్టి, చేపలు తిరిగే కాలవల మధ్య మొక్కజొన్న పండించుకున్నారు. నా పుట్టిల్లు కైకలూరు వైపు. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద కొబ్బరి, అరటి ఎంత ఏపుగా ఉంటాయో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెరువు నీళ్లు పారిన చేనుకు ఎరువు తక్కువ పడుతుందని మా నాన్నగారు అనేవారు. ఆ సంగతినే ఒక తొట్టికీ, ఒక మడికీ కుదించి శాస్త్రంగా తీర్చిదిద్దారు. అమెరికా ఏలుబడిలోని వర్జిన్ దీవుల్లో విశ్వవిద్యాలయం వారు, జేమ్స్ రాకోసీ అనే ఆయన నాయకత్వంలో, 1980 ప్రాంతం నించీ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో చిన్న తరహా పెంపకందారుల కోసం ఒక పెద్ద పుస్తకమే వేసింది.

ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ముందే తెలుసుకుని ఉంటే బాగుండేది. ఎందుకంటారా? అదే చెప్పబోతున్నాను.

మాది రైల్వే కుటుంబం. 1966లో సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక కోస్తా జిల్లాల నించి ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాళ్లలో మా మామగారు ఒకరు. సీతాఫల్‌మండిలో చిన్న ఇల్లు. పెరడు లేదు, డాబా ఉంది. మామగారు ఉన్నన్నాళ్లూ డాబా నిండా కుండీలే. ఆయన పోయాక అత్తయ్యగారు మెట్లెక్కడం మానేశారు. వేసవిలో కుళాయి వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు రాదు. ఇంట్లోకి కొనుక్కునే టాంకరు నీళ్లు కుండీలకెక్కడ పోస్తాం? ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఆవిడ కింద కూర్చుని, “పైన ఏమైనా ఉన్నాయామ్మాయ్?” అని అడిగేవారు. ఉన్నాయని అబద్ధం చెప్పేదాన్ని.

తక్కువ నీళ్లతో కూరాకు పండించొచ్చని మా అబ్బాయి చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేలలో పోసిన నీళ్లు ఇంకిపోతాయి. ఇక్కడ ఆవిరైనవీ, మొక్క తాగినవీ తప్ప మిగతావి తిరుగుతూనే ఉంటాయి. మామూలు సేద్యానికయ్యే నీళ్లలో పదోవంతుతో సరిపోతుందని అంచనా. ఇంకేం! ఒక్కరోజులో రెండు వందల లీటర్ల డ్రమ్ము, కంకర, మోటారు, ఇరవై గోల్డుఫిష్ చేపలు అన్నీ కొనుక్కొచ్చాను. సాయంత్రానికల్లా నీళ్లు గలగలా తిరుగుతున్నాయి. అత్తయ్యగారిని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లాను. ఆవిడ ముఖంలో సంతోషం చూసి నా అంత తెలివైనది లేదనుకున్నాను.

మూడో నాటికి నీళ్లు కాస్త తెల్లబడ్డాయి. ఐదో నాటికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకలి కాబోలనుకుని ఇంకో గుప్పెడు మేత వేశాను. తొమ్మిదో రోజు పొద్దున్న పైకెళ్లి చూస్తే పదిహేడు చేపలు తేలి ఉన్నాయి.

ఆ రాత్రి అత్తయ్యగారు అన్నం ముట్టలేదు. కోప్పడలేదు కూడా. “తినడానికి చంపేవాడికి ఆకలన్నా ఉందమ్మాయ్. మనకేముంది?” అన్నారంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మిగిలిన మూడింటినీ పక్కింటి పిల్లవాడి గాజు తొట్టిలో వేసి వచ్చాను.

నేను చేసిన తప్పేమిటో తెలుసుకోడానికి నెల పట్టింది. మీకు నాలుగు మాటల్లో చెబుతాను. మొత్తం శాస్త్రమంతా ఇందులోనే ఉంది.

చేప తిన్న మేతలో మాంసకృత్తులుంటాయి. అవి అరిగాక చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే. అది చేపకు విషం. నదిలోనో, చెరువులోనో అయితే పల్చబడిపోతుంది. డ్రమ్ములో ఎక్కడికి పోతుంది? అయితే ప్రకృతిలో రెండు రకాల సూక్ష్మజీవులున్నాయి. మొదటి రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. రెండో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు చేపను అంతగా బాధించదు, మొక్కకు మాత్రం మంచి ఎరువు. ఈ సూక్ష్మజీవులు కంకర రాళ్లను అంటుకుని బతుకుతాయి. కంకర మడి వేసేది మొక్క నిలబడ్డానికి మాత్రమే కాదు, వీటికి ఇల్లు ఇవ్వడానికి కూడానన్నమాట.

అయితే కొత్త కంకరలో ఇవి దాదాపు ఉండవు. పాలలో తోడు వెయ్యగానే పెరుగైపోతుందా? రాత్రంతా ఆగాలి. ఇక్కడా అంతే, కాకపోతే ఇక్కడ తోడుకోడానికి నాలుగు నించి ఆరు వారాలు పడుతుంది. చలికాలమైతే ఇంకా ఆలస్యం. నేను తోడుకోని నీళ్లలో ఇరవై ప్రాణాల్ని వేశాను. పైగా ఊపిరాడక పైకొచ్చిన చేపలకు ఆకలని మేత వేసి విషం పెంచాను. వేసవిలో నగరం చెరువుల్లో చేపలు చచ్చి తేలాయని పత్రికల్లో చదివినప్పుడు అయ్యో అనుకుంటాం. నీళ్లు భరించగలిగినదానికన్నా ఎక్కువ మలినం చేరితే చెరువైనా డ్రమ్మైనా ఒకటే.

రెండోసారి చేసేముందు అత్తయ్యగారి దగ్గర అనుమతి తీసుకున్నాను. “తొందరపడనంటేనే” అన్నారు. ఈసారి ఎలా చేశానో వరసగా చెబుతాను, రాసుకోండి.

మొదట చోటు. లీటరు నీళ్లు కిలో బరువు. డ్రమ్ములో నూట యాభై లీటర్లు, మడిలో తడిసిన కంకర కలిపితే మూడు వందల కిలోలకు పైమాటే. డాబా మధ్యలో పెట్టకండి. కింద గోడ గానీ దూలం గానీ ఉన్నచోట పెట్టండి. పాత ఇల్లయితే తాపీమేస్త్రీని కాదు, ఇంజనీరునే అడగండి. నేల మీద చోటుంటే అన్నిటికన్నా మేలు. మొక్కలకు నాలుగైదు గంటలు ఎండ తగలాలి, తొట్టికి మాత్రం నీడ ఉండాలి. ఎండ పడితే నాచు పట్టడమే కాక నీళ్లు కాగిపోతాయి.

రెండోది పాత్రలు. తినే సరుకులు వచ్చిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు తీసుకోండి. రసాయనాలు వచ్చిన డ్రమ్ము ఎంత కడిగినా పనికిరాదు. ఒకటి తొట్టి. రెండోదాన్ని నిలువునా కోయిస్తే రెండు మళ్లవుతాయి. మొదట ఒక మడి చాలు. రాగి, జింకు రేకు పాత్రలు వాడకండి, చేపలకు పడవు.

మూడోది కంకర. గోలీకాయంత ఉన్నది అడుగు లోతు పోయాలి. కొన్న కంకర మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టు, వద్దు. మన సికింద్రాబాదు చుట్టూ దొరికే నల్లరాతి కంకరకు ఆ బాధ లేదు. దుమ్ము పోయేదాకా నాలుగైదు సార్లు కడగాలి. ఆ రోజు నడుం పట్టేస్తుంది, ముందే చెబుతున్నాను.

నాలుగోది నీళ్ల తిరుగుడు. మడిని తొట్టికన్నా ఎత్తులో పెట్టాలి. తొట్టిలో చిన్న మోటారు వేసి నీళ్లు మడిలోకి ఎక్కించాలి. మడి అడుగున కన్నం పెట్టి, లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టాలి. గొట్టం పైమూతి కంకర మట్టానికి రెండంగుళాలు దిగువన ఉండాలి. నీళ్లు అంతవరకూ ఎక్కి గొట్టంలోంచి తొట్టిలోకి దిగిపోతాయి. పై రెండంగుళాలు పొడిగా ఉంటే నాచూ దోమా చేరవు. గొట్టం అడుగున సన్నటి బెజ్జం పెడితే మోటారు ఆగినప్పుడు మడి ఖాళీ అయి వేళ్లకు గాలి అందుతుంది. గంటకు పావుగంట మోటారు నడిచేలా టైమరు పెట్టాను. చేపలకు ఊపిరాడడానికి చిన్న గాలి మోటారు మాత్రం రాత్రింబవళ్లు నడవాల్సిందే. నావి పద్ధెనిమిది వాట్ల నీళ్ల మోటారు, ఐదు వాట్ల గాలి మోటారు. రెంటికీ కలిపి నెలకు ఏడు యూనిట్ల కరెంటు అవుతుంది.

ఐదోది నీళ్లు. మంజీరా అయినా కృష్ణా అయినా గోదావరి అయినా కుళాయిలో క్లోరినుతోనే వస్తాయి. క్లోరిను చేపకూ ప్రమాదమే, మన తోడుకూ ప్రమాదమే. నీళ్లను వెడల్పాటి పాత్రలో ఒకటి రెండు రోజులు మూత లేకుండా ఉంచి వాడాలి. బోరు నీళ్లయితే క్లోరిను బాధ లేదు గానీ, గిన్నెలకు తెల్లటి పొర పట్టే గట్టి నీళ్లయితే మొక్కలకు ఇనుము సరిగా అందదు. లేతాకులు ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పసుపు తిరిగితే అదే కారణం. నర్సరీల్లో దొరికే చీలేటెడ్ ఇనుము కొద్దిగా కలపాలి.

ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. నీళ్లు తిప్పడం మొదలుపెట్టాక చేపలు వెయ్యకండి. రోజూ చిటికెడు చేపల మేత మాత్రం వెయ్యండి. అది కుళ్లి అమ్మోనియా పుట్టి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న గాజు తొట్టి ఎవరింట్లోనైనా ఉంటే అందులోంచి గుప్పెడు గులకరాళ్లు తెచ్చి మడిలో వేస్తే త్వరగా తోడుకుంటుంది. మా ఇంట్లో అవి పక్కింటి పిల్లవాడి తొట్టిలోంచే వచ్చాయి. చేపల సరుకు అమ్మే దుకాణాల్లో నీటి పరీక్షకు చుక్కల సీసాలు దొరుకుతాయి. మొదట అమ్మోనియా పెరుగుతుంది. అది తగ్గుతుంటే నైట్రైటు పెరుగుతుంది. అదీ తగ్గాక నైట్రేటు కనబడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చిన రోజున చేపలు తెచ్చుకోవచ్చు.

చేపలు లేని తొట్టి చుట్టూ నేను రోజూ సీసాలు పట్టుకు తిరుగుతుంటే అత్తయ్యగారు, “చుట్టాలు రాకుండానే వంట చేస్తున్నావేమిటే?” అని నవ్వారు. చాలా రోజులకు విన్న నవ్వది. నలభై మూడో రోజున ఐదు చేపలు తెచ్చాను. తెచ్చిన సంచీని అలాగే తొట్టి నీళ్లలో పావుగంట తేలనిచ్చి, వేడి సమానమయ్యాక వదిలాను. రెండు వారాలు ఆగి ఇంకో ఐదు వేశాను. అక్కడితో ఆపేశాను. ఆ డ్రమ్ముకు పది చాలు.

ఏ చేపలు అని అడుగుతారు. కొత్తవాళ్లకు గోల్డుఫిష్, గప్పీలు తేలిక. తినే ఇళ్లలో మృగశిర కార్తెకు సొంత తొట్టి చేప వండుకోవాలని సరదా ఉంటుంది. తప్పులేదు గానీ, శీలావతి, బొచ్చె లాంటి పెద్ద చేపలు డ్రమ్ములో ఎదగవు. కొర్రమీను పక్క చేపల్ని బతకనివ్వదు. అందుకు వెయ్యి లీటర్ల తొట్టి, బోలెడు అనుభవం ఉండాలి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంచడం మన దేశంలో నిషిద్ధం, ఎవరైనా చవకని ఇచ్చినా తీసుకోకండి. పెంచలేక విసిగినా సరే, ఏ చేపనూ తీసుకెళ్లి చెరువులో వదలకండి. సలహా కావలసినవారికి 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి మన నగరంలోనే ఉంది. అత్తాపూరు దగ్గర చేప ఆకారంలో కనబడే భవనం వారిదే.

మొక్కల్లో మొదట ఆకుకూరలే వెయ్యండి. పాలకూర, తోటకూర, బచ్చలి, పుదీనా బాగా వస్తాయి. కొత్తిమీర చలికాలంలో బాగుంటుంది, ఎండల్లో తొందరగా పూతకొచ్చేస్తుంది. మిరప, టమాటా కావాలంటే ఆరు నెలలు ఆగాలి. ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలకు కంకర మడి పనికిరాదు.

ఇక చెయ్యకూడనివి. మొక్కకు పురుగు పట్టిందని మందు కొట్టకండి. మడిలో పడింది తొట్టిలోకే పోతుంది. వేపనూనె కూడా చేపలకు పడదు. పురుగును చేత్తో ఏరండి, పేను బంకను నీళ్ల ధారతో కడగండి. మంచిదే కదా అని పేడనీళ్లు, పంచగవ్యం పోయకండి. పచ్చిగా తినే ఆకుల్లోకి రోగక్రిములు చేరతాయి. సబ్బు చేతులు తొట్టిలో పెట్టకండి. మేత రోజుకు రెండుసార్లు, ఐదు నిమిషాల్లో తినేంతే వెయ్యాలి. మిగిలితే తీసేయాలి. చేపను చంపేది ఆకలికన్నా అతి మేతే అని నా అనుభవం.

కరెంటు పోతే గాలి మోటారు ఆగుతుంది. బ్యాటరీ మీద నడిచేవి దొరుకుతాయి, ఒకటి ఉంచుకోండి. అదీ లేకపోతే చెంబుతో నీళ్లు ముంచి ఎత్తునించి పోస్తూ ఉండాలి. మే నెలలో ఇది మరీ అవసరం, ఎందుకంటే వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. డ్రమ్ముకు తడి గోనె చుట్టి, పైన పచ్చ వల కట్టాను. తొట్టి మూతికి కూడా వల తప్పదు. కాకి, పిల్లి మాట అటుంచి, చిన్నపిల్లలున్న ఇంట్లో నీళ్ల తొట్టి తెరిచి ఉంచకూడదు.

దోమల సంగతి అడిగినవారున్నారు. అడగాల్సిందే. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ దొర కనిపెట్టింది మన సికింద్రాబాదు పక్కన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. కదలని నీళ్లలో దోమ గుడ్లు పెడుతుంది. మన నీళ్లు కదులుతూనే ఉంటాయి, పుట్టిన పిల్లల్ని చేపలు తినేస్తాయి. చేపలు లేని మొదటి ఆరు వారాలు మాత్రం సన్నటి దోమతెర కట్టి ఉంచండి.

ఇంతా చేస్తే లాభమెంత అంటారా? నిజం చెబుతాను. పెట్టిన డబ్బు కూరాకు రూపంలో ఏడాదిలో తిరిగిరాదు. ఒక్క మడికి వారానికి రెండు కట్టల ఆకు వస్తుంది. మోండా మార్కెట్లో అది పెద్ద ఖరీదేం కాదు. వేలకు వేలు సంపాదన అని ఎవరైనా సామాను అంటగడితే నమ్మకండి. కానీ కోసిన పావుగంటలో పొయ్యి మీదికెక్కే ఆకు, మందు పడని ఆకు. నీళ్లు రోజుకు అరబిందె, నడివేసవిలో బిందె. ఎండిపోయిన మా డాబాకు అదే చాలు.

ఇంకొక లాభం ఉంది. అత్తయ్యగారికి ఎనభై దాటాయి. పొద్దునా సాయంత్రమూ గోడ పట్టుకుని మెట్లెక్కుతున్నారు. మేత వెయ్యడం ఆవిడ పని. వేసి, వల మీదికి వంగి లెక్కపెడతారు. పది ఉంటే కిందికొచ్చి “పదీ ఉన్నాయ్” అని చెబుతారు. మొదటి కోత పాలకూరతో పప్పు చేసిన రోజున నేను వడ్డిస్తూ ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆవిడ కలుపుకుని రెండు ముద్దలు తిని, “ఇంకాస్త వెయ్యి” అన్నారు.

కాబట్టి సోదరీమణులారా, ఈ పని మొదలుపెట్టదలచుకుంటే డ్రమ్ము కొన్న రోజునే చేపలు కొనకండి. ఆ ఆరు వారాలూ ఓపిక పట్టండి. నేను పట్టలేదు, దాని ఖరీదు పదిహేడు ప్రాణాలు. మీకు ఆ ఖరీదు పడకూడదనే ఇంతసేపు చెప్పాను.